నీలం లెక్క

నన్ను కలరిమీటర్ అంటారు. జంషెడ్‌పూర్‌లో ఒక కాలేజీ బయోకెమిస్ట్రీ ల్యాబులో, కిటికీ పక్కన నల్లరాతి గట్టు మీద నా కాపురం. ఏ కాలేజీ అని మాత్రం అడగొద్దు, చెప్పబోయేవాటిలో కొన్ని ఇంటి గుట్లున్నాయి. పుట్టింది హర్యానాలోని అంబాలాలో. దేశంలో సగం సైన్సు ల్యాబుల సామాన్లు ఆ ఊరివే అంటే పెద్ద అతిశయోక్తి కాదు. అక్కణ్ణుంచి గడ్డి నింపిన చెక్కపెట్టెలో వచ్చి టాటానగర్ స్టేషన్‌లో దిగాను. ఎప్పుడన్నది స్టాకు రిజిస్టరుకే తెలియాలి. ఆ పేజీని చెదలు తినేశాయి.

నా లోపల పెద్ద మర్మమేమీ లేదు. ఒక చిన్న బల్బు, వరసగా రంగు ఫిల్టర్లు, గాజు గొట్టం దించే గుంట, వెలుతురు పడితే కరెంటు పుట్టించే సెలీనియం సెల్లు, పైన ఒక ముల్లు. గొట్టంలో రంగు ఎంత చిక్కగా ఉంటే దాన్ని దాటే వెలుతురు అంత తగ్గుతుంది. ఆ తగ్గినదాన్ని నేను అంకెలో చెబుతాను. లాంబర్ట్, బీర్ అనే ఇద్దరి పేర్లు పెట్టి పిల్లలు దీన్నే రికార్డులో రెండు పేజీలు రాసి, కింద ఎర్రసిరా సంతకం పెట్టించుకుంటారు.

నా ఎదురుగా గోడ మీద పెద్ద చార్టు ఉంది. మనిషి ఒంట్లో జరిగే రసాయన చర్యలన్నీ బాణం గుర్తులతో, కలకత్తా ట్రామ్ లైన్లకన్నా చిక్కుముడిగా ఉంటాయి. పరీక్షల ముందు పిల్లలు దాని కింద నిలబడి గ్లైకాలిసిస్ పది మెట్లూ కళ్లు మూసుకుని అప్పజెబుతారు. హెక్సోకైనేజ్‌తో మొదలుపెట్టి పైరువేట్ దగ్గర ఊపిరి తీసుకుంటారు. ఆ చార్టు మీద నాకు పాత కక్ష. అందులో బాణాలే తప్ప ఎక్కడా గడియారం లేదు. ఎంత సేపటికి ఎంత జరుగుతుందో అది చెప్పదు. ఆ కబురు నా దగ్గరే దొరుకుతుంది, కానీ పిల్లలు నా దగ్గరికి వచ్చేది రికార్డు కోసమే.

ఒకరోజు మా ల్యాబు మేడమ్ ఒకే మనిషి రక్తాన్ని రెండు గొట్టాల్లో తీయించింది. ఒకటి బూడిదరంగు మూత గొట్టం, అందులో ఫ్లోరైడ్ ఉంటుంది. రెండోది ఎర్ర మూతది, అందులో ఏ మందూ లేదు. వేసవి పొద్దు. రెంటినీ గట్టు మీద పెట్టి, పిల్లల్ని లెక్చరుకి తీసుకుపోయి, మధ్యాహ్నం వెనక్కి తీసుకొచ్చి గ్లూకోజ్ కొలవమంది. రియేజెంటు పోశాక రెండు గొట్టాలూ గులాబీరంగు తిరిగాయి గానీ ఒకటి వెలవెలబోయింది. ఆకుపచ్చ ఫిల్టరు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి నాలోకి దించారు. ఎర్ర మూత గొట్టంలో చక్కెర బాగా పడిపోయింది. ఒక కుర్రాడు "మేడమ్, కిసీ నే గడ్‌బడ్ కియా" అన్నాడు. మేడమ్ నవ్వి, "చేసింది రక్తమే" అంది. ఒంట్లోంచి బయటికి తీసినంత మాత్రాన ఎర్ర రక్తకణం ఊరుకోదు. దానికి మైటోకాండ్రియా లేవు కాబట్టి గ్లైకాలిసిస్ తప్ప వేరే బతుకుతెరువు లేదు. గొట్టంలో కూర్చుని కూడా గంటకి 5 నుంచి 7 శాతం దాకా గ్లూకోజ్ తినేస్తుంది. ఎండ ఎక్కువైతే ఇంకాస్త ఎక్కువే.

మరి బూడిదరంగు మూతలో ఏం జరిగింది? ఫ్లోరైడ్ వెళ్లి తొమ్మిదో మెట్టు ఎంజైమ్ ఎనోలేజ్‌ని పట్టుకుంటుంది. ఎనోలేజ్ నడుమ మెగ్నీషియం ఉంటుంది. ఫ్లోరైడూ ఫాస్ఫేటూ కలిసి సరిగ్గా అక్కడ కూర్చుంటే అసలు రావలసిన అణువుకి చోటుండదు. అణువు ఆకారం, దాని చోటు, దాని పని ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి ఎలా ఉంటాయో పిల్లలు ఆ పూట రెండు గులాబీ గొట్టాల్లో చూశారు. కానీ అంతటితో మేడమ్ వదల్లేదు. ఫ్లోరైడ్ గొట్టంలో కూడా మొదటి గంటలో చక్కెర కాస్త తగ్గుతుంది, ఎందుకని అడిగింది. ఎవరూ నోరు మెదపలేదు. అడ్డు పడింది తొమ్మిదో మెట్టు దగ్గర, గ్లూకోజ్ దిగేది మొదటి మెట్టు దగ్గర. కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఉన్నంతసేపూ అది దిగుతూనే ఉంటుంది. ఆ జవాబు చార్టులోనే ఉంది, అప్పజెప్పేవాళ్లకి అందలేదంతే.

నాకిష్టమైన ప్రాక్టికల్ వేరే ఉంది. అది ఫాస్ఫరస్ లెక్క. సీరంలో ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం పోస్తే ప్రోటీన్లు తెల్లగా విరిగి కిందికి దిగుతాయి. వడకట్టిన నీటిలో ఆమ్లం కలిసిన మాలిబ్డేట్ పోస్తారు, ఏమీ కనపడదు. ఆ తర్వాత ఆన్సా అనే క్షయకరణి బొట్లు పడతాయి. ముందు అడుగున ఒక పలచని నీలపు నీడ, కుదిపితే గొట్టమంతా లేత నీలం, అలా చూస్తుండగానే ముదురుతుంది. ఎర్ర ఫిల్టరు, 660 నానోమీటర్లు. పెద్దవాళ్ల సీరంలో ఇది డెసిలీటరుకి 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాములు. పెరిగే పిల్లల్లో ఇంకా ఎక్కువ, ఎముక కట్టాలిగా.

పిల్లలు దీన్ని ఫిస్కే-సుబ్బారో పద్ధతి అని రాస్తారు. 1925లో హార్వర్డ్ నుంచి సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు అచ్చేసిన పద్ధతి ఇది. వాళ్ల దగ్గర నాలాంటి సెల్లూ ముల్లూ లేవు. డుబాస్క్ అనే ఫ్రెంచివాడి పేరున్న పాత కలరిమీటరు ఉండేది, మా వంశంలో పెద్దది. అందులో రెండు గిన్నెలు. ఒక దాంట్లో తెలిసిన నీలం, ఇంకోదాంట్లో తెలియని నీలం పోసి, పైనుంచి కన్ను పెట్టి, రెండు సగాలూ ఒకే రంగులోకి వచ్చేదాకా ఎత్తు సర్దాలి. కంటికి ఓపిక కావాలి.

ఆ ఓపికే పెద్ద పనిచేసింది. కండరం నుంచి తీసిన ద్రవంలో కొలుస్తుంటే నీలం ఒక చోట ఆగలేదు. పక్కన స్టాండర్డు ఎప్పుడో నిలకడకి వచ్చింది, ఇది మాత్రం ముదురుతూనే ఉంది. మా ల్యాబులో అయితే "రీడింగ్ సరిగా రాలేదు" అని సింకులో పారబోస్తారు, నేను కళ్లారా చూశాను. వాళ్లు పారబోయకుండా ఎందుకని అడిగారు. కండరంలో ఏదో పదార్థం ఆ ఆమ్లంలో నెమ్మదిగా విరిగి ఫాస్ఫేట్‌ని వదులుతోంది. దాన్ని పట్టి 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అని చెప్పారు. 1929లో వాళ్ల చేతికి ఏటీపీ చిక్కింది. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్‌కీ విడిగా దొరికింది. కండరం బిగియడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న మాట అప్పటికి బలంగా ఉంది, ఆ పరిశోధన చేసిన మేయర్‌హాఫ్‌కి 1922 నోబెల్‌లో వాటా కూడా దక్కింది. 1930లో లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా చేసి కూడా కండరం బిగుస్తుందని, ఖర్చయ్యేది ఫాస్ఫోక్రియాటిన్ అని చూపించాక ఆ మాట కూలింది. ఏటీపీ చేతిలో డబ్బయితే ఫాస్ఫోక్రియాటిన్ పక్కింట్లో దొరికే చేబదులు: పరుగు అందుకున్న తొలి క్షణాల్లో ఆదుకుంటుంది, తీరిగ్గా కూర్చున్నప్పుడు తిరిగి తీరుతుంది. విశ్రాంతిగా ఉన్న మనిషి కూడా రోజుకి సుమారు 40 కిలోల ఏటీపీ తిప్పుతాడట. ఒంట్లో ఏ క్షణాన చూసినా ఉండేది గ్రాముల్లోనే.

ఊళ్లోని కద్మా పేట నుంచి వచ్చే ఒక పిల్ల ఉంది, ఇంట్లో తెలుగు, బయట హిందీ. నీలం రాగానే ఫోను తీసి గొట్టాన్ని వీడియోలో చూపించింది. అవతల ఆమె తాత. విజయనగరం వైపు నుంచి వచ్చి స్టీలు కంపెనీ ల్యాబులో పనిచేసి దిగిపోయిన మనిషి.

"తాతయ్యా, చూడు, నీలం వచ్చింది."

"ఏటమ్మా, ఎంతసేపటికి సదివేవు?"

"ఇంకా చదవలేదు. ఫోటో తీసుకుంటున్నా."

"ఫోటో తరవాత. నిలవుంచితే ముదురుతాది. ముందు గొట్టం తుడిసి ముల్లు సూడు."

ఆమె ముల్లు చూసింది. అప్పుడు తెలిసింది నాకు, ఆయన కూడా బతుకంతా ఈ నీలమే చూశాడని. ఉక్కు తురుముని ఆమ్లంలో కరిగించి, మాలిబ్డేట్ పోసి, నీలం తెప్పించి ఫాస్ఫరస్ లెక్క చూసేవారట. ఇప్పుడక్కడ నిప్పురవ్వ వెలుగుని చదివే స్పెక్ట్రోమీటరు ఉంది, నిమిషాల్లో చెప్పేస్తుంది. ఉక్కులో ఫాస్ఫరస్ మిగిలితే చలికి పెళుసవుతుంది. అందుకే కన్వర్టరులో సున్నం వేసి ఆక్సిజన్ ఊది, దాన్ని స్లాగులోకి నెడతారు. 1912 ఫిబ్రవరి 16న ఈ ఊళ్లో మొదటి ఉక్కు పోసిననాటి నుంచీ ఫాస్ఫరస్‌తో తగువు తప్పలేదు. "మేం దాన్ని గెంటడానికి కొలిసేవాళ్లం, నువ్వు ఉందో లేదోనని కొలుస్తున్నావు" అన్నాడాయన. ఆ మనిషిని నాకు పరిచయం చేసినందుకు ఫోనుని క్షమించాను.

"ఆ సుబ్బారావు మన భీమవరంవోడే, తెలుసునా?" అన్నాడు చివర్లో.

"ఫిస్కే పక్కన ఉంటే దొరేమో అనుకున్నా" అంది పిల్ల.

1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1948లో న్యూయార్క్‌లో పోయిన మనిషి ఆయన. ఫైలేరియాకి ఇచ్చే డైఇథైల్‌కార్బమజీన్ లెడర్లీ కంపెనీలో ఆయన చేతికింద తయారైందే. జార్ఖండ్‌లో ఊరూరా ఇంటికొచ్చి మింగించే ఆ మాత్ర ఈ ల్యాబు పిల్లలందరికీ తెలుసు, ఆయన పేరే తెలియదు.

నాకు చేతకానిది కూడా చెప్పాలి. హీమోగ్లోబిన్ కొలిచేటప్పుడు డ్రాబ్కిన్ ద్రావణంలో రక్తం కలిపి 540 నానోమీటర్ల దగ్గర చదువుతారు. అందులో సైనైడ్ ఉంటుంది, పిపెట్‌ని నోటితో పీల్చే వీరులకి మేడమ్ చేతిలో అక్షింతలు ఖాయం. రెండు శాంపిళ్లు డెసిలీటరుకి 8 గ్రాములు చూపించాయనుకోండి. ఒకటి ఇనుము చాలని అమ్మాయిది, రెండోది సికిల్ సెల్ ఉన్న కొల్హాన్ ప్రాంతపు కుర్రాడిది. నా ముల్లుకి రెండూ ఒకటే. హీమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వేలీన్ వచ్చిందని నాకెలా తెలుస్తుంది? ఎంత ఉందో చెబుతాను, ఎలా ఉందో చెప్పలేను. అందుకు పక్క గదిలో ఎలక్ట్రోఫోరెసిస్ తొట్టి కావాలి. 1949లో పాలింగ్ బృందం ఆ దారినే ఇది అణువు జబ్బని తేల్చింది. ఇన్‌గ్రామ్ 1956లో ఆ ఒక్క తేడా ఉన్న ముక్కని పట్టుకున్నాడు. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టాక మా పిల్లల్లో కొందరు ఊళ్లకి క్యాంపులకి వెళ్తున్నారు. మా తొట్టి మాత్రం పవర్ ప్యాక్ పోయి, ఇండెంటు కదలక, గుడ్డ కప్పుకుని ఉంది.

ఈమధ్య ల్యాబులోకి తెర ఉన్న ఎనలైజరు వచ్చింది. శాంపిల్ పీల్చుకుని అంకె చూపిస్తుంది, నీలాన్ని మాత్రం కడుపులో దాచుకుంటుంది. ఆస్పత్రికి అదే సరైనది, రోజుకి వందల శాంపిళ్లు నాతో అయ్యే పని కాదు. చదువుకునేవాళ్లకి మాత్రం నేనే మేలు, ఇందులో మొహమాటం లేదు. రంగు కంటి ముందు ముదరడం చూడనివాడు ఆగని నీలాన్ని ఎప్పటికీ పట్టుకోలేడు.

పాత సామాను తీసేసే కమిటీ వచ్చే నెల వస్తుందంటున్నారు. నా తరఫున మనవి ఇంతే. నన్ను పది నిమిషాల ముందు ఆన్ చేయండి. గొట్టం బయట వేలిముద్రలు తుడవండి. బ్లాంక్‌తో సున్నా పెట్టాకే మిగతావి. ఫాస్ఫరస్ రంగుని అన్ని గొట్టాలకీ ఒకే సమయానికి చదవండి, ముదురుతూనే ఉంటే పారబోయకండి, మళ్లీ చదివి రాసుకోండి. ఎర్ర ఫిల్టరు మాత్రం పోగొట్టకండి. దానికి బదులు ఇంకోటి ఈ ఊళ్లో దొరకడం లేదు.