పాత కాంక్రీటు గోడ పూటలో రెడీ: పది చిట్కాలు

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురంలో ఇప్పుడు సైటు కొన్న ప్రతివాళ్ళూ పునాది తీయకముందే ఇంటి బొమ్మ అడుగుతున్నారు. బెంగళూరు చూసొచ్చినవాళ్ళకైతే పూత లేని కాంక్రీటు గోడే కావాలి. అది వానకు తడిసి, ఎండకు ఎండి, పదేళ్ళు నిలబడినట్టు కనపడాలి. కంప్యూటరులో దాన్ని నిజంలా చేయాలంటే రోజుల తరబడి పని. అంత ఖర్మ మీకెందుకు? ఈ పది చిట్కాలు పాటించండి. పొద్దున అడ్వాన్సు తీసుకుంటే మధ్యాహ్నం కునుక్కి కూడా టైము మిగులుతుంది.

1. పరగోడు బ్యారేజీ వైపు పోకండి.
నంది కొండల్లో పుట్టిన చిత్రావతి పుట్టపర్తి వైపు పోయేముందు బాగేపల్లి తాలూకాలో ఆ బ్యారేజీని దాటుతుంది. నీళ్ళలో నిలబడ్డ కాంక్రీటును చదువుకోవడానికి ఈ చుట్టుపక్కల అంతకన్నా మంచి బడి లేదు. ప్రమాదమంతా అక్కడే ఉంది. ఏ బ్యారేజీ స్తంభాన్నైనా మూరెడు దూరం నుంచి చూడండి. నీటి గీతకు కింద ఒక రంగు, పైన ఇంకో రంగు. నిన్నటి పోత ఆగి ఇవాళ్టిది మొదలైన చోట ఒక అడ్డగీత. సెంట్రింగ్ పలకల సందులోంచి సిమెంటు పాలు కారిపోయి కంకర బయటపడ్డ గుంటలు. సన్నటి పగులులోంచి దిగిన తెల్లటి సున్నపు చార. ఒక్కసారి కంటపడితే ఇవన్నీ మీ గోడలోనూ ఉండాలనిపిస్తుంది, పని పెరుగుతుంది. చూడకపోతే ఏ బాధా లేదు, పెట్రోలు కూడా మిగులుతుంది.

2. ఫోటో తీయక తప్పకపోతే మిట్టమధ్యాహ్నం తీయండి.
చాదస్తులు మబ్బు పట్టిన రోజు కోసం కాచుకుంటారు. నీడ పడకుండా గోడకు ఎదురుగా నిలబడి తీస్తారు. ఫోటోలో నీడ ఉంటే రెండరింగులో ఒక సూర్యుడు ఇటు, ఇంకో సూర్యుడు అటు కనపడతాడని వాళ్ళ భయం. ఇద్దరు సూర్యులుంటే వెలుగు ఎక్కువేగా! బండి మీద కూర్చునే, ఏటవాలుగా, ఒక్క ఫోటో తీయండి. గోడ మీద సిమెంటు కంపెనీ ప్రకటన ఉంటే దాన్నీ రానివ్వండి. మీ ఇంటి బొమ్మలో రెండు మీటర్లకొకసారి ఆ ప్రకటన ఉచితంగా వస్తుంది.

3. ఉచితంగా దొరికినవాటిలో ఒక్కటే తీసుకోండి.
పాలీ హేవెన్, యాంబియంట్ సీజీ లాంటి చోట్ల ఏ హక్కుల గొడవా లేకుండా కాంక్రీటు టెక్స్చర్లు దొరుకుతాయి. ఒక్కో గోడకు రంగుకొకటి, గరుకుకొకటి (రఫ్‌నెస్), గుంటలకొకటి (నార్మల్) అని ఐదారు ఫైళ్ళు ఇస్తారు. రంగు ఫైలు ఉంచుకుని మిగతావి తీసిపారేయండి. ఆ రంగులోనూ అన్నిటికన్నా చిన్న సైజు తెచ్చుకోండి. దగ్గరికెళ్ళి చూస్తే మసకగా ఉందంటారా? దగ్గరికి పోనివ్వకండి.

4. అతుకు సరిచేయకండి, దాని మీద పైపు పెట్టండి.
ఒకే ఫోటోను పక్కపక్కన అంటిస్తే అంచులు కలిసే చోట అతుకు కనపడుతుంది. కష్టపడేవాళ్ళు ఆ ఫోటోను ఆఫ్‌సెట్ ఫిల్టరుతో అడ్డంగా సగం, నిలువుగా సగం జరుపుతారు. అప్పుడు అంచులు నడిమధ్యకు వచ్చి అతుకు బయటపడుతుంది. దాన్ని క్లోన్ బ్రష్షుతో ఓపికగా చెరుపుతారు. మీరు అతుకున్న ప్రతిచోటా ఒక నీళ్ళ పైపు దించండి. పైపులు మరీ ఎక్కువైతే కాగితంపూల తీగ పాకించండి. అప్పటికీ ఎవరైనా పట్టుకుంటే, "అది ఎక్స్‌పాన్షన్ జాయింటు సార్" అనండి. ఆ మాట విన్నాక ఎవరూ ఇంకో ప్రశ్న అడగరు.

5. ఒకే మరకను గోడంతా తిప్పండి.
ఒక మంచి మరక దొరికితే వదలొద్దు. మీటరు ముక్కను ఎడాపెడా అంటిస్తూ పోతే అదే మరక వరుసగా నలభైసార్లు వస్తుంది. దీన్ని తప్పించడానికి పెద్దపెద్దవాళ్ళు తలలు బద్దలు కొట్టుకున్నారు. అంచుల రంగులు కలిసేలా పలకలు పేర్చే లెక్కను 1961లో హావో వాంగ్ వేరే పని కోసం చెబితే, దాన్ని ఇక్కడికి తెచ్చి వాడుకున్నారు. 2018లో ఎరిక్ హీట్జ్, ఫాబ్రిస్ నేరే ఒకే బొమ్మలోంచి ముక్కలు తీసి, రంగుల పాళ్ళు చెడకుండా కలిపే పద్ధతి రాశారు. రెండు మూడు టెక్స్చర్లను నాయిస్ మాస్కుతో కలిపినా చాలావరకు పనవుతుంది. వాళ్ళ కష్టం వాళ్ళది. మీరు "అది డిజైన్ అన్నా" అనేయండి.

6. కొలత అంటూ ఒకటి పెట్టుకోకండి.
సెంట్రింగుకు వాడే మామూలు ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగులు, నాలుగడుగులు. దాని గుర్తు గోడ మీద అంతే ఉంటుంది. జపాన్‌లో తడావో ఆండో కట్టిన గోడల్లో పలక కొలత 900, 1800 మిల్లీమీటర్లు, ఒక్కో పలకలో సెంట్రింగ్ బిగించిన రంధ్రాలు లెక్క ప్రకారం వస్తాయి. మీరు మౌసు ఎక్కడ ఆగితే అక్కడ వదిలేయండి. ఆ రంధ్రంలో మనిషి తల పట్టినా, కంకర గుమ్మడికాయంత వచ్చినా, "కెమెరా లెన్సు మాయ" అనండి. ఇల్లు అగ్గిపెట్టెలా కనపడితే పక్కన ఒక పెద్ద కారు పెట్టండి.

7. మీటలన్నీ చివరిదాకా తిప్పండి.
2012లో డిస్నీ స్టూడియోలో బ్రెంట్ బర్లీ చెప్పిన లెక్క మీదే బ్లెండర్‌లోని ప్రిన్సిపుల్డ్ షేడర్ మొదలైంది. కాంక్రీటు లోహం కాదు కాబట్టి అందులో మెటాలిక్ సున్నా ఉండాలి, రఫ్‌నెస్ ఒకటికి దగ్గరగా ఉండాలి. మీరు తిరగేయండి. మెటాలిక్ ఒకటి, రఫ్‌నెస్ సున్నా. గోడ తోమిన స్టీలు బిందెలా మెరుస్తుంది, పక్కింటివాళ్ళు కూడా కనపడతారు. మూడో చిట్కా మరిచి రఫ్‌నెస్, నార్మల్ ఫైళ్ళు ఉంచుకున్నారా? వాటిని నాన్-కలర్‌గా (రంగుగా చదవకుండా) పెట్టమంటారు, పట్టించుకోకండి. బ్లెండర్‌కు పనికొచ్చే నార్మల్ మ్యాపులో పచ్చ ఛానెల్ ఒకవైపు ఉంటే అన్‌రియల్‌కు తిరగబడి ఉంటుంది. దాన్ని సరిచేయకుండా వదిలితే గుంటలన్నీ ఉబ్బెత్తుగా వస్తాయి. గుంటలు లేని గోడ ఎవరికి చేదు?

8. మరకకు కారణం వెతక్కండి.
చాదస్తులు ఇక్కడే సగం జీవితం పోగొట్టుకుంటారు. కిటికీ గట్టు చివరల నుంచే నల్ల చారలు దిగుతాయంటారు, ఎందుకంటే దుమ్ము కలిసిన వాననీళ్ళు అక్కడ జారతాయి. నీడా తేమా ఉన్న చోటే పాచి పడుతుందంటారు. లోపలి సున్నం నీళ్ళలో కరిగి బయటికొచ్చి, గాలి తగిలి గట్టిపడితే తెల్లచార అవుతుందంటారు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ళ తరబడి కాంక్రీటులోకి దిగి దాని క్షారాన్ని తగ్గిస్తుంది, అప్పుడు లోపలి కంబికి కాపు పోతుంది, కంబి తుప్పు పట్టి ఉబ్బుతుంది, పైన పెచ్చు ఊడుతుంది. అందుకే తుప్పు మరక కంబి ఉన్న గీత వెంబడే రావాలంటారు. ఇంత తెలిస్తే ఒక గోడకే వారం పడుతుంది. మీరు మరకల బ్రష్షు తీసుకుని కళ్ళు మూసుకుని తిప్పండి. నడింట్లో పాచి పెట్టండి. కంబి లేని చోట తుప్పు కార్చండి. చారలు కిందినుంచి పైకి పోతే కొత్తదనం.

9. వెలుతురు కొలత ఎక్కడా చూడకండి.
కొత్త కాంక్రీటు తన మీద పడ్డ వెలుగులో ముప్పై అయిదు, నలభై శాతం వెనక్కి పంపుతుంది. పాతబడితే ఇరవై, ముప్పైకి దిగుతుంది. ఈ లెక్క పాటిస్తే బాగేపల్లి ఎండలో గోడ గోడలాగే ఉంటుంది. మీరు ముందు తెల్లగా చేయండి. అది మండిపోయినట్టు కనపడితే నల్లగా చేయండి. రెండూ బాగా లేకపోతే బొమ్మను రాత్రి వేళకు మార్చండి.

10. ఒక్క గోడతో జీవితమంతా గడపండి.
ఆ ఒక్క ఫైలునే అన్నిటికీ వేయండి. గుడిబండ కోట అడిగితే అదే. నందిలో భోగనందీశ్వరుడి గుడి రాతిగోడ అడిగినా అదే. మన ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్య గారి పేరు చెప్పి కన్నంబాడి కట్ట అడిగితే అప్పుడూ అదే. 1911లో పని మొదలైన ఆ కట్టను సుర్కీ గారతో, రాతితో కట్టారని ఎవరైనా గుర్తుచేస్తే, "బొమ్మలో అంతా ఒకటే అన్నా" అని కాఫీ తెప్పించండి.

చివరగా బిల్లు సంగతి. ఇంటి యజమాని బొమ్మ చూసి, "ఏం నాయనా, ఇది మా కొత్తిల్లా, కూలిపోతా ఉండే పాతిల్లా?" అంటాడు. తడబడకండి. "రా లుక్ అన్నా, బెంగళూరులో అంతా ఇదే" అనండి. ఆయన మిగతా డబ్బు ఇవ్వకుండా ఇంకొకరి దగ్గరికి పోతే సంతోషించండి. మార్పులు చేసే పని తప్పింది, ఫోను మోగడం ఆగింది. ఊళ్ళో నలుగురికీ ఆయనే చెప్తాడు, ఇక ఎవరూ మీ తలుపు తట్టరు. ఈ వృత్తిలో అంతకుమించిన విశ్రాంతి లేదు. రేపటిదాకా ఆగకండి, ఇవాళే మొదలుపెట్టండి.