మోటారు మామ

మోటారు మామ హోసూరు నుంచి కృష్ణగిరి దాకా వీధికొకడు చొప్పున ఉంటాడు. సిప్‌కాట్ పారిశ్రామికవాడలో ఏదో ఒక ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాడు. పనిచేసింది స్టోర్సులోనైనా, మిషన్ల పక్కన నడిచినవాడు కనుక మిషను గుణం తెలుసునంటాడు. పొద్దున్నే లుంగీ ఎగగట్టి, చెవిసందున టెస్టర్ పెట్టుకుని, సంపు పక్కన గొంతుక్కూర్చుని కనిపిస్తాడు.

అతని ఇంట్లో నీళ్లు రెండు రకాలు. తాగడానికి హొగెనకల్ పథకం నీళ్లు, మిగతా అన్నిటికీ బోరు నీళ్లు. బోరు నీళ్లు సంపులో పడితే ప్రెషర్ పంపు వాటిని కొళాయిలకు తోస్తుంది. కొళాయి తిప్పగానే పైపులో ఒత్తిడి పడిపోవాలి, ప్రెషర్ స్విచ్ అది పసిగట్టాలి, మోటారు తిరగాలి. మామ ఇంట్లో అది బుద్ధి పుడితే తిరుగుతుంది. బొత్తిగా తిరగని పంపంటే మామకు ఆసక్తి లేదు. దాన్ని మెకానిక్కు కూడా బాగుచేస్తాడు. ఒకసారి తిరిగి ఒకసారి మొండికేసేదే అతని స్థాయికి తగింది.

మామ రోగనిర్ణయం దూరం నుంచి మొదలవుతుంది. 2004లో కృష్ణగిరి వేరే జిల్లా కాకముందు, ధర్మపురితో ఉన్నన్నాళ్లు ఈ తంటా లేదంటాడు. తర్వాత భూగోళంలోకి దిగుతాడు. హోసూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది; తీరంలో గాలి ఒత్తిడి నీళ్లను 10.3 మీటర్ల దాకా ఎత్తగలిగితే ఇక్కడ 9.3 దగ్గరే ఆగిపోతుంది. ఈ లెక్క నిజమే. అతని సంపు లోతు ఆరడుగులు.

చికిత్స క్రమం మామకు కంఠస్థం. మోటారు మూలుగుతూ తిరగకపోతే కరెంటు తీసి షాఫ్టు చేత్తో తిప్పి చూడాలి. సులువుగా తిరిగితే వోల్టేజీ చూడాలి, అదీ సరిగా ఉంటే కండెన్సర్ మార్చాలి. చప్పుడే లేకపోతే స్విచ్ దాకా కరెంటు వస్తోందా, పాయింట్లు కాలాయా, చీమలు దూరాయా చూడాలి. తిరిగినా నీళ్లు రాకపోతే ఫుట్‌వాల్వు, గాలి పీల్చే జాయింట్లు చూడాలి. ఇదంతా వీధికి చెప్పి, తాను మాత్రం చివరి నుంచి మొదలుపెడతాడు. బాగున్న జాయింటు విప్పి టెఫ్లాన్ టేపు చుడతాడు. అది గాలి పీల్చడంతో ఒక రోగం రెండవుతుంది.

తర్వాతి వంతు పంపుకు తగిలించిన ప్రెషర్ ట్యాంకుది. స్విచ్ 20 పౌండ్ల దగ్గర అంటుకుంటే, నీళ్లు ఖాళీ చేసినాక ట్యాంకులో గాలి 18 పౌండ్లు ఉండాలి. మామ సైకిలు పంపుతో ధారాళంగా 30 కొడతాడు. అప్పుడు మోటారు మేల్కొనేలోపే ట్యాంకు ఖాళీ అయి కొళాయి నిలిచిపోతుంది. ఇది సాధారణంగా బెంగళూరు నుంచి వచ్చిన అల్లుడు ఒళ్లంతా సబ్బు రుద్దుకున్న వేళకు జరుగుతుంది.

“మామా, నీళ్లు నిలిచిపోయినాయి!”

“ఉండప్పా, కండెన్సర్ చూస్తా ఉండాను!”

చివరి మందు స్పానర్ పిడి. స్విచ్ డబ్బా మీద ఒకటి తగిలించగానే మోటారు గుర్రుమని లేస్తుంది. దెబ్బకు దెయ్యం వదిలిందని మామ మురిసిపోతాడు. సాయంత్రానికి దెయ్యం తిరిగొస్తుంది.

మామ పెళ్లి విందుకో మామిడితోటకో వెళ్లిన రోజు చూసి భార్య మెకానిక్కును పిలుస్తుంది. బోరు నీళ్ల సున్నం స్విచ్ కింది సన్నటి రంధ్రంలో గట్టిపడి, ఒత్తిడి స్విచ్‌కు అందకుండా చేసిందని అతను తేలుస్తాడు. తీగతో రంధ్రం పొడిచి, పాత స్విచ్ తీసి కొత్తది బిగించి, ట్యాంకులో గాలి సరిచేసి పోతాడు. మామ వచ్చి అంతా విని, “నేను కొట్టింది కూడా అక్కడే కదా” అంటాడు. అదీ నిజమే.

ఇంట్లో పంపు బాగుపడిన మర్నాటి నుంచి మామ పక్కింటి పంపు చూడటానికి వెళ్తాడు. రాత్రి పదింటికి పిలిచినా టార్చి పట్టుకుని వస్తాడు. డబ్బు ముట్టడు, కాఫీ ఇస్తే తాగుతాడు. మెకానిక్కు నంబరు మాత్రం ఎవరడిగినా ఇవ్వడు.