అందరూ అధ్యక్షులే

జూన్‌లో బడులు తెరిచి వానలు పట్టుకోగానే సూరత్‌లో వేసు, పాల్ వైపు ఇంగ్లీషు మీడియం బడుల్లో పట్టాభిషేకాల కాలం మొదలవుతుంది. దాని పేరు ఇన్వెస్టిచర్ సెరిమనీ. బ్యాండు మోగుతుంటే హెడ్ బాయ్, హెడ్ గర్ల్, వాళ్ళకో వైస్ చొప్పున ఇద్దరు, నాలుగు హౌసులకు నలుగురు కెప్టెన్లు, వాళ్ళ వెనక లిటరరీ క్లబ్బు అధ్యక్షురాలు, ఎకో క్లబ్బు కార్యదర్శి, రోబోటిక్స్ క్లబ్బు కన్వీనరు, క్రమశిక్షణ ప్రీఫెక్టు వరుసగా నడిచొస్తారు. భుజాన సాష్, గుండె మీద బ్యాడ్జీ, ముఖ్య అతిథి చేతుల మీదుగా జెండా. కింద కూర్చున్న తల్లిదండ్రుల్లో ఫోను ఎత్తని చెయ్యి ఉండదు. ఇంతమంది నాయకులు వేదికెక్కాక అనుచరులుగా మిగిలేదెవరయ్యా అంటే, ఐదో తరగతి పిల్లలు. వాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా, క్లాసు మానిటర్లు!

ఆ తర్వాత ప్రమాణ స్వీకారం. రాష్ట్రపతి భవన్‌లో మంత్రులు చదివేదానికి ఏమాత్రం తీసిపోదు. నిజాయితీ, నిష్పక్షపాతం, త్యాగం, అన్నీ ఉంటాయి. ఏడాది పొడుగునా ఆ త్యాగమూర్తి చేయబోయే పని ప్రార్థన దగ్గర లైను వంకరపోకుండా చూడటం, పై బొత్తాం పెట్టుకోనివాడి పేరు కాగితం మీద రాయడం.

ఈ తంతుకు ఇద్దరు తాతలున్నారు. హౌసులూ ప్రీఫెక్టులూ ఇంగ్లండు తాత ఆస్తి. క్లబ్బులూ గౌరవ సంఘాలూ అమెరికా తాతవి. అమెరికా హైస్కూళ్ళ ప్రిన్సిపాళ్ళ సంఘం 1921లో నేషనల్ ఆనర్ సొసైటీ అని ఒకటి పెట్టింది. చదువు, నాయకత్వం, సేవ, శీలం దానికి నాలుగు స్తంభాలు. చేరిక నాడు నాలుగు కొవ్వొత్తులు వెలిగించి పిల్లల చేత ప్రతిజ్ఞ చేయించేవారు. మనవాళ్ళు కొవ్వొత్తి ఊదేసి దీపం వెలిగించారు, సంస్కృతి నిలబడింది. 1950ల నాటి అక్కడి హైస్కూలు ఇయర్‌బుక్ తెరిస్తే పేజీల కొద్దీ ఈ సంఘాలే: లాటిన్ క్లబ్బు, కీ క్లబ్బు, 1928లో పుట్టిన భావి రైతుల సంఘం, 1945లో పుట్టిన భావి గృహిణుల సంఘం. రైతుల సంఘంలోకి 1969 దాకా ఆడపిల్లలకు ప్రవేశం లేదు. భావి గృహిణులు భావి రైతులైపోతే వంట ఎవరు చేస్తారని కాబోలు.

శీలాన్ని కొలిచే తక్కెడ ఆ ప్రిన్సిపాళ్ళకు ఎక్కడ దొరికిందో గానీ, అది ఒకవైపే మొగ్గేది. 1998లో కెంటకీలో పెళ్ళికాకుండా గర్భం దాల్చిన ఇద్దరు అమ్మాయిలకు మార్కులున్నా శీలం స్తంభం విరిగిందని సభ్యత్వం ఇవ్వలేదు. ఫెడరల్ కోర్టు జోక్యం చేసుకుని చేర్చుకోమంది. అబ్బాయిల శీలానికి మాత్రం గర్భం లాంటి సాక్ష్యం లేదు కాబట్టి వాళ్ళ స్తంభం ఎప్పుడూ నిటారుగానే ఉండేది.

ఆ శతాబ్దం మధ్యలోనే అమెరికా వాళ్ళు వజ్రాలకు కూడా స్తంభాలు కట్టారు. కట్, క్లారిటీ, కలర్, క్యారెట్. వీటిని బట్టి అక్కడి జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ 1955లో మొదటి గ్రేడింగు రిపోర్టు ఇచ్చింది. ప్రపంచంలోని వజ్రాల్లో చాలా భాగం సానబట్టే సూరత్‌కు ఆ కాగితం విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. కాగితం ఉన్న రాయికీ లేని రాయికీ ధరలో తేడా ఎంతో ఇక్కడ టీ కొట్టువాడు కూడా చెబుతాడు. పిల్లల మీదా ఆ లెక్కే నడుస్తోంది. కాకపోతే వజ్రాన్ని ముందు సానబట్టి ఆ తర్వాత ల్యాబుకు పంపుతారు. పిల్లవాడికి కాగితం ముందే చేతికిస్తారు, సానబట్టే శ్రమ ఎవరికీ ఉండదు.

కాగితం ఎందుకంటే, కామన్ యాప్ కోసం. అమెరికా కాలేజీలకు పెట్టుకునే ఆ దరఖాస్తులో చదువు కాక చేసిన పనులకు పది గళ్ళు, గౌరవాలకు ఐదు గళ్ళు ఉంటాయి. ఒక్కో పనిలో మీ హోదా ఏమిటో 50 అక్షరాల్లోపు రాయాలి. గడి ఉందంటే నింపాలి, అది మన జాతి లక్షణం. పది గళ్ళకు పది హోదాలు కావాలి కదా, పది క్లబ్బులు పుడతాయి. దీనికి ప్రొఫైల్ బిల్డింగ్ అని పేరు, దానికో కన్సల్టెన్సీ, దానికో ఫీజు. హైదరాబాదులో మనవాళ్ళు ఇంకో మెట్టు పైనున్నారు. పదహారేళ్ళకే స్వచ్ఛంద సంస్థ స్థాపకుడు. సంస్థలో సభ్యుడూ అతనే, లబ్ధిదారుడూ అతనే.

సేవ స్తంభం కోసం అప్పుడప్పుడు బస్తీకి బస్సు వేస్తారు. ఒక బిస్కెట్ ప్యాకెట్, దాన్ని పట్టుకున్న ఆరు చేతులు, అవతల ఒక పిల్లాడు. కెమెరా సరిగ్గా పడలేదంటే ఆ ప్యాకెట్ వెనక్కి తీసుకుని మళ్ళీ ఇస్తారు.

ఆ బస్సు తరచూ వెళ్ళే వైపే మన లింబాయత్ ఉంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ నుంచి సాంచెల మీద బతకడానికొచ్చిన పద్మశాలీలు తరతరాలుగా ఉంటున్న చోటు. సూరత్ మునిసిపాలిటీ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషుతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోందంటే అది వీళ్ళ పిల్లల కోసమే. ఇక్కడ పద్నాలుగేళ్ళ అమ్మాయి బడి నుంచి రాగానే అమ్మతో కూర్చుని చీరలకు రాళ్ళు అతికిస్తుంది, వేలాడే దారాలు కత్తిరిస్తుంది. నాన్న పన్నెండు గంటల నైట్ షిఫ్టు చేసొచ్చి నిద్రపోతుంటే తమ్ముణ్ణి అరవనివ్వదు. గల్లీలో ఎవరికి గుజరాతీ నోటీసొచ్చినా చదివి తెలుగులో చెప్పేది తనే. దవాఖానలో అమ్మమ్మ నొప్పిని డాక్టరుకు హిందీలో వివరించేదీ, బ్యాంకులో ఫారాలు నింపేదీ తనే. ఇందులో నాయకత్వం ఉంది, సేవ ఉంది, శీలం సంగతి చెప్పనే అక్కర్లేదు. కానీ బ్యాడ్జీ లేదు, కాబట్టి ఇది పనే కాదు, ఇంటి చాకిరీ. భావి గృహిణుల సంఘం ఈ పిల్లకు అవసరం పడలేదు, ఎనిమిదో ఏటనే నేరుగా గృహిణి అయింది.

ఈ సంగతి అమెరికా వాళ్ళకు ఎప్పుడో తెలుసు. హాలింగ్స్‌హెడ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఇల్లినాయ్‌లోని ఒక చిన్న ఊరిని పరిశీలించి, దానికి ఎల్మ్‌టౌన్ అని మారుపేరు పెట్టి 1949లో పుస్తకం రాశాడు. బడి అయ్యాక జరిగే క్లబ్బులూ ఆటలూ అన్నీ డబ్బున్న ఇళ్ళ పిల్లలవే, అట్టడుగు పిల్లలు వాటి గడప తొక్కింది తక్కువ అని తేల్చాడు. మనం ఆ క్లబ్బులనైతే దిగుమతి చేసుకున్నాం గానీ పుస్తకాన్ని ఓడలోనే వదిలేశాం.

అలాగని మునిసిపల్ బడుల్లో క్లబ్బులు లేవనుకునేరు. అక్కడ సర్కారే పెడుతుంది, ఉత్తర్వు మీద. 2001లో కేంద్ర పర్యావరణ శాఖ నేషనల్ గ్రీన్ కోర్ పేరుతో ఎకో క్లబ్బులు తెచ్చింది. 2018లో ఎన్నికల సంఘం ఓటరు అక్షరాస్యతా క్లబ్బులు పెట్టమంది. వీటికి తోడు ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్ క్లబ్బు. ఇందులో రాష్ట్రాలను జంటలుగా కలిపారు, గుజరాత్‌కు ఛత్తీస్‌గఢ్ పడింది. తెలుగు, ఒడియా, మరాఠీ, గుజరాతీ ఒకే నల్లా దగ్గర బిందెలు పెట్టుకుని కొట్లాడుకునే లింబాయత్ పిల్లలకు భారతదేశం ఏకమని ఛత్తీస్‌గఢ్ చార్టు చూపించి నేర్పాలన్నమాట! ఏ క్లబ్బుకైనా పిల్లలు మాత్రం ఒకరే. బ్యానరు మారుస్తారు, ఫోటో తీస్తారు, గ్రూపులో పెడతారు. ఉపాధ్యాయుల్ని అని లాభం లేదు. మధ్యాహ్న భోజనం లెక్క, జనాభా లెక్క, ఎన్నికల డ్యూటీ అయ్యాక మిగిలిన వేళలోనే వాళ్ళు పాఠం కూడా చెప్పాలి.

చదరంగం ఆడే చదరంగం క్లబ్బుతో నాకు పేచీ లేదు. పుస్తకాలు చదివే పుస్తకాల క్లబ్బు ఉంటే నేనే వచ్చి చాప పరుస్తాను. ముందు కార్యవర్గం ఎన్నుకుని, తర్వాత బ్యాడ్జీలు కొట్టించి, ఆ పైన పనేమైనా ఉందేమో వెతుక్కునే క్లబ్బుతోనే నా తగువు. 1994 ప్లేగు తర్వాత కంపు కొడుతున్న ఈ ఊరికి 1995లో కమిషనరుగా వచ్చి ఊడ్చి కడిగించిన సూర్యదేవర రామచంద్రరావు మన తెలుగువాడే. ఆయన చిన్నప్పుడు ఏ హౌసు కెప్టెనో సూరత్‌లో ఎవరూ వాకబు చేయలేదు.

అధ్యక్ష పదవి మీద మోజు ఈ ఊరికి కొత్త కాదు లెండి. 1907 డిసెంబరులో తాపీ ఒడ్డున కాంగ్రెసు మహాసభ జరిగింది. రాస్‌బిహారీ ఘోష్ అధ్యక్షత మీద రగడ ముదిరి ఒక చెప్పు గాల్లోకి లేచి, సురేంద్రనాథ్ బెనర్జీకీ ఫిరోజ్‌షా మెహతాకూ తగిలింది. కుర్చీలు విరిగాయి, పార్టీ రెండుగా చీలింది. అయినా ఆ చెప్పులో కొంత న్యాయముంది. దేశం ఏ దారిన పోవాలన్నది అక్కడ తగవు. ఇప్పటి క్లబ్బుల్లో చెప్పు విసిరేంత తగవుకు తావేదీ? అందరికీ పదవి దొరుకుతుంటే ఎవరి మీద విసరాలి?

అసలు సూరత్‌కు క్లబ్బంటే ఏమిటో అమెరికా నేర్పాల్సిన పనే లేదు. 1844 జూన్ 22న దుర్గారామ్ మెహతాజీ అనే బడిపంతులు కొందరు స్నేహితులతో కలిసి మానవ ధర్మ సభ పెట్టాడు. మన కందుకూరి పుట్టడానికి ఇంకా నాలుగేళ్ళుంది. కులం తప్పని, వితంతువులకు మళ్ళీ పెళ్ళి చేయాలని వాదించారు. దయ్యాలు వదిలిస్తామనే భూతవైద్యుల్ని నలుగురిలో నిలబెట్టి, ఏదీ మీ మహిమ చూపండని సవాలు చేశారు. ఊరు తిట్టిపోసింది. సభ కూడా ఎక్కువ కాలం నిలవలేదు.

ఆ పంతులుగారు ఇప్పుడు పదకొండో తరగతిలో ఉండి కామన్ యాప్ నింపుతున్నాడనుకోండి. 'భూతవైద్యులతో వాదన' అని రాస్తే 50 అక్షరాల్లో హాయిగా ఇమిడిపోతుంది. కన్సల్టెంటు అది చదివి కళ్ళజోడు సవరించుకుంటాడు. "బాబూ, ఊరంతా తిట్టిందని రాయొద్దు, కమ్యూనిటీ ఎంగేజ్‌మెంట్ అని రాయి. ఎంతమంది భూతవైద్యులు? సంఖ్య వేయి, సంఖ్య ఉంటేనే బరువు. సర్టిఫికెట్ ఎవరిచ్చారు? పోనీ, ఆ భూతవైద్యుడి దగ్గర్నుంచే ఒక లెటర్ తేగలవా?"