నడుం బిగించండి, విరిగేదాకా!

మీవాడికి పదిహేనేళ్లు. పొడుగరి. ఫాస్ట్ బౌలర్. వేసే బంతి బుస్సుమంటోంది. ఐపీఎల్ వేలంలో పేరు వినాలంటే మీరు ఇప్పుడే తొందరపడాలి. ఇరవైలు దాటితే నడుం ఎముకలు గట్టిపడిపోయి, విరగ్గొట్టడం కష్టమవుతుంది.

1. నాలుగు జట్లలో చేర్చండి. స్కూలు, అకాడమీ, క్లబ్బు, జిల్లా. ఒక్కో జట్టుకు వేసేది ఆరేడు ఓవర్లే. అన్నీ కలిపి ఎన్నయ్యాయో కూడే పని మాత్రం ఎవరికీ అప్పగించకండి. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా బోర్డులు కుర్ర బౌలర్లకు వయసును బట్టి ఓవర్ల పరిమితి పెట్టాయి. పాపం, పనిలేనివాళ్లు.

2. పరీక్షలని చెప్పి రెండు నెలలు బంతి ముట్టనివ్వకండి. ఆఖరి పరీక్ష మర్నాడే సమ్మర్ క్యాంపులో వంద బంతులు వేయించండి. ఎముకకు మెల్లగా అలవాటు చేస్తే బలపడుతుంది. లోపల పడ్డ చిన్న చిన్న దెబ్బల్ని తీరిక దొరికినప్పుడు తనే పూడ్చుకుంటుంది. ఆ తీరిక దొరక్కుండా చూడటమే మీ బాధ్యత.

3. యాక్షన్ దిద్దించకండి. తుంటి ఒకవైపు, భుజాలు ఇంకోవైపు తిరిగే 'మిక్స్‌డ్ యాక్షన్' అయితే మరీ శ్రేష్ఠం. ముందుకాలు నేలను తాకినప్పుడు ఒంటి బరువుకు ఐదారు రెట్ల తాకిడి పుడుతుంది. సరిగ్గా అప్పుడే నడుం వెనక్కి వంగి, పక్కకు ఒరిగి, మెలితిరిగితే ఆ భారం వెన్నుపూస వెనకవైపు సన్నటి ఎముక మీద పడుతుంది. కుడిచేతి బౌలరుకు ఎక్కువగా పగిలేది ఎడమవైపే, నడుం అడుగున ఉండే చివరి రెండు మూడు పూసల్లో.

4. వెనక్కి వంగితే ఒకేచోట పొడుస్తోందంటాడు. "కండరం పట్టేసింది" అని మీరే తేల్చేయండి. స్ప్రే, మాత్ర, మరో స్పెల్. మరీ గోల చేస్తే ఎక్స్‌రే తీయించండి. తొలిదశ పగులు అందులో తరచు కనబడదు కాబట్టి "ఏమీ లేదట" అని చుట్టాలందరికీ చెప్పొచ్చు. ఎంఆర్ఐ జోలికి వెళ్లొద్దు. ఎముక పూర్తిగా పగలకముందే లోపలి వాపును పట్టేసి మీ శ్రమంతా వృథా చేస్తుంది.

5. డాక్టరు నెలల తరబడి బౌలింగ్ ఆపమంటే సరేనని తలూపండి. నొప్పి తగ్గిన రోజే కొత్తబంతి చేతికివ్వండి. నొప్పి ముందు పోతుంది, ఎముక తర్వాత అతుక్కుంటుంది. ఆ మధ్య కాలమే మీకు అవకాశం. రెండువైపులా విరిగితే పూస ముందుకు జారే వీలూ ఉంది.

6. ఎవరైనా హెచ్చరిస్తే గొప్ప ఫాస్ట్ బౌలర్ల పేర్లు చెప్పండి. డెనిస్ లిల్లీకి 1973లో వెస్టిండీస్‌లో వెన్ను విరిగింది, తిరిగొచ్చాడు. కమిన్స్ తిరిగొచ్చాడు. బుమ్రా తిరిగొచ్చాడు. అక్కడితో ఆపేయండి. లిల్లీ ఏడాదిన్నరకు పైగా టెస్టులకు దూరమయ్యాడనీ, 2011లో తొలి టెస్టు ఆడిన కమిన్స్ వెన్నుతో సహా రకరకాల గాయాలతో రెండో టెస్టు 2017లో ఆడాడనీ, బుమ్రా 2023లో వెన్నుకు శస్త్రచికిత్స చేయించుకోవాల్సి వచ్చిందనీ చెప్పకండి. తిరిగిరాని కుర్రాళ్ల పేర్లు ఎలాగూ ఎవరికీ తెలియవు.

ఇన్ని చేసినా నడుం విరగలేదంటే, మీవాడు మీ కన్నుగప్పి ఎక్కడో విశ్రాంతి తీసుకుంటున్నాడన్నమాట. వెంటనే కనిపెట్టి, ఐదో జట్టులో చేర్చండి.