సున్నా కాదు సారూ, ఓ

మర్రిగూడలో కాగితం మీద తప్పు లేని కుటుంబం ఉందంటే నేను నమ్మను. ఒకరికి ఆధార్‌లో పుట్టినరోజు జనవరి ఒకటి. ఇంకొకరికి పట్టా పాస్‌బుక్‌లో పక్కవాళ్ల సర్వే నంబరు. 2020 అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి మొదలైన దగ్గర్నుంచి, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చేదాకా మా మండలంలో సంతకం రాని ముసలమ్మలు కూడా ‘టీఎం 33’ అని తడుముకోకుండా పలికేవారు. పాస్‌బుక్‌లో తప్పులు దిద్దమని పెట్టుకునే దరఖాస్తు మాడ్యూలు పేరది. అందుకే మా పెదనాయన కారు ఆర్సీలో నంబరు తప్పు పడిందని తెలిసిన రోజు ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడలేదు. మా వదిన బియ్యం ఏరుతూ తలెత్తి, “దానికేం మాడ్యూలు?” అని మాత్రం అడిగింది.

కారు 1972 నాటి అంబాసిడర్, మార్క్ 2. పశ్చిమ బెంగాల్ ఉత్తర్‌పాడాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు ఇంగ్లండు మారిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చుతో 1957లో మొదలుపెట్టి, 2014 మే దాకా ఆకారం చెడకుండా చేసిన బండి. 2017లో ఆ కంపెనీ ‘అంబాసిడర్’ అనే పేరును ఫ్రాన్సు పూజో కంపెనీకి 80 కోట్లకు అమ్మింది. బండి లేదు, ఇంజన్ లేదు, వట్టి పేరు. ఈ సంగతి చెబితే పెదనాయన చాలాసేపు ఆలోచించి, “నంబర్ల జోలికి వోకుండ పేరొక్కటే అమ్ముకున్నరా? తెలివిగల్లోళ్లురా” అన్నాడు.

పేరుకు ఆయనదే గానీ కారు ఊరందరిదీ. పెళ్లికొడుకులు అందులోనే ఊరేగారు, కాన్పులకు అందులోనే పోయారు. మాల్ ఊరి అంగడికి అందులో ఎంతమంది ఎక్కేవారో చెబితే ఇప్పుడు కూడా చలానా రాస్తారేమో. మా బోరు నీళ్లలోని ఫ్లోరైడు ఈ చుట్టుపక్కల ఎంతమంది నడుములు వంచిందో లోకానికి తెలుసు. కృష్ణా నీళ్లు నల్లాలోకి వచ్చేదాకా ఇంటిల్లిపాదీ ఆ నీళ్లే తాగాం. పెదనాయన మాత్రం రేడియేటర్‌లోకి వాన నీళ్లు పట్టి, గుడ్డలో వడపోసి పోసేవాడు. కారుకు దక్కిన ఆ మర్యాద తనకు దక్కలేదని పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది. సమాధానం చెప్పే ధైర్యం ఆయనకింకా రాలేదు.

తప్పును పట్టింది హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు. పాత కార్లు కొని మెరుగుపెట్టి దాచుకోవడం అతని సరదా. నడిపి చూడలేదు, టైర్లు తట్టలేదు, నేరుగా బానెట్ ఎత్తి ఫోన్ లైటు వేశాడు. ఇనుము మీద గుద్దిన నంబరు చదివాడు, మా కార్డు చూశాడు, మళ్లీ ఇనుము చూశాడు. “అంకుల్, చాసిస్ నంబర్ల ఒక అక్షరం తేడా ఉంది. ఇంజన్ నంబరైతే మొత్తమే వేరే” అన్నాడు. దిద్దించాక ఫోన్ చేయమని వెళ్లిపోయాడు. మేం దిద్దించేలోపు ఎవరిదో పద్మిని కారు కొనుక్కున్నాడట. మంచిదే, ఆ బండి కాగితాలు కుదిరి ఉంటాయి.

చాసిస్ సంగతి ఇది. ఇనుము మీద ఒకచోట గుండ్రంగా ఉంది. 1972లో చేత్తో రాసిన ఆర్సీ పుస్తకంలోనూ గుండ్రంగానే ఉంది. ఆ గుమాస్తాది ముత్యాల దస్తూరి, ఓ రాసినా సున్నా రాసినా కవల పిల్లలే. ఆ పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించిన నాడు ఎవరో ఆ గుండ్రాన్ని సున్నా అనుకున్నారు. మాకు తెలిసి అది ఓ.

దాన్ని దిద్దమని అడగడానికి వెళ్లింది ఏ ఆఫీసుకో చెప్పను. కిటికీ అన్ని ఆఫీసుల్లోనూ ఒకటే.

“సిస్టంల సున్నా ఉంది సార్.”

“బండి మీద ఓ ఉంది.”

“అది ఓ అని ఎట్ల జెప్తరు?”

“సున్నా అని మీరెట్ల చెప్తరు?”

“సిస్టంల ఉంది గద సార్.”

వాదనలో ఎక్కడా సందు లేదు. ప్రపంచమంతా ఈ గుండ్రంతో ఇలాగే కొట్టుకుని ఉండాలి. బండ్లకు పదిహేడు అక్షరాల గుర్తింపు సంఖ్యను ప్రమాణం చేసినప్పుడు ఐ, ఓ, క్యూ అనే మూడింటినీ ఇంగ్లిషు వర్ణమాలలోంచి వెలివేశారు. ఐ ఒకటిలా, ఓ సున్నాలా, క్యూ రెంటిలానూ కనిపించి కొంప ముంచుతుందని. అమెరికాలో 1981 మోడళ్ల నుంచి అది తప్పనిసరి. అమెరికావాళ్లు కూడా కిటికీల ముందు నిలబడ్డారని తెలిసి నాకు కొంత ఊరట కలిగింది. 1972 బండికి మాత్రం ఆ సంస్కరణ ఫలం అందలేదు.

అసలు జ్ఞానం మా మెకానిక్ దగ్గర దొరికింది. అతను పంచుల డబ్బా తెరిచి చూపాడు. అంకెల పంచులు తొమ్మిదే ఉన్నాయి. సున్నా నుంచి ఎనిమిది దాకా. తొమ్మిది ఏదంటే ఆరును తలకిందులు చేసి చూపించాడు. మన ఆస్తిపాస్తులన్నీ ఆధారపడ్డ నంబర్లను గుద్దే సరంజామా ఇది. అక్షరాల డబ్బాలోంచి ఓ తీసి, సున్నా పక్కన రేకు ముక్క మీద గుద్దాడు. ఓ నిండుగా ఉంది, సున్నా నడుము కాస్త సన్నం. ఆ రేకు ముక్కను నేను జేబులో పెట్టుకుని తిరిగాను. దాన్ని ఏ కిటికీలోనూ తీసుకోలేదు, దానికి ఫారం లేదు.

ఫారాలున్నవి వేరే. నోటరీ చేసిన అఫిడవిట్, నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దిన ప్రింటు, బండి దొంగసొత్తు కాదని పోలీసుల కాగితం. ఈ చివరిది వినగానే పెదనాయనకు నవ్వాగలేదు. “దొంగతనం జేసెటోడు ముందుగాల దాన్ని స్టార్ట్ జేయాలె గదరా!”

బండిని చూపించాల్సిన రోజు నలుగురం కలిసి నెట్టి స్టార్ట్ చేశాం. బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌గారు మంచి మనిషి. నెరసిన జుట్టు, పాత ఇనుము మీద ప్రేమ. పెన్సిల్ ప్రింటును ఎండకేసి చూశారు, వేలితో ఇనుమును తడిమారు. “ఓనే” అన్నారు. ఇన్నాళ్లూ ఏ కాగితమూ అనని మాట ఆ వేలు అంది. కానీ వెంటనే ఇంజన్ దగ్గర ఆగిపోయారు.

“పెద్దాయనా, ఇది అంబాసిడర్ ఇంజన్ కాదే?”

“మటాడోర్‌ది సారూ. పెట్రోలు పిరమైందని డీజిల్‌ది ఏపిచ్చిన.”

“మరి ఆ వ్యానేది?”

“దాని ఇంజన్ ఇండ్ల ఉంది గద సారూ. అదెక్కడికి వోతది?”

నేను కళ్లు మూసుకున్నాను. ఇంజన్ మారిస్తే పద్నాలుగు రోజుల్లో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తెలపాలని చట్టం. పెదనాయన తాపీగా సంచిలోంచి పాత ఆర్సీ పుస్తకం తీసి, పేజీలు తిప్పి, ఒక చోట వేలు పెట్టాడు. ఇంజన్ మార్పు, కొత్త నంబరు, సంతకం, గుండ్రటి ముద్ర. అన్నీ ఉన్నాయి, పద్నాలుగు రోజుల లోపు తేదీతో సహా. కంప్యూటర్‌లోకి ఎక్కించినవాళ్లు మొదటి పేజీ దగ్గరే ఆగారన్నమాట. కారు మొత్తం జీవితంలో నియమం తప్పనివాడు ఆయనొక్కడే అని ఆ ఆవరణలో అందరికీ తెలిసింది. ఆయనకైతే ముందే తెలుసు. ఆ గర్వంలో తాళంచెవి మరిచిపోయి ఇంటికి బయల్దేరబోయాడు.

ఆ ఊపులో నేను ఒక సలహా ఇచ్చాను. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకు వేరే నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన సొంత బండికి నంబరు ప్లేటులో ‘వీఏ’ అని రెండక్షరాల హోదా. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000, పదేళ్ల తర్వాత మళ్లీ చేయిస్తే 5,000. అయితే రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. ప్రదర్శనకు, సాంకేతిక పరిశోధనకు, ర్యాలీకి, ఇంకా పెట్రోలు పోయించడానికి, రిపేరుకు తీసుకెళ్లొచ్చు.

“పెట్రోలుకు, రిపేరుకేనా?” అన్నాడు పెదనాయన. “ఇన్నేండ్లు అదేం జేసిందనుకున్నవ్?”

ర్యాలీ మాట వినగానే ఆయన ముఖం చిన్నబోయింది. 2022 నవంబరు మునుగోడు ఉప ఎన్నికకు మా మండలం మీదుగా పోని కారు లేదు, పిలుపు రానిది ఈయన కారొక్కటే. అన్నీ తెల్ల ఫార్చూనర్లే అడిగారు.

ఆ హోదా కూడా దక్కలేదనుకోండి. చాసిస్, బాడీ, ఇంజన్ పుట్టినప్పటివే ఉండాలన్నది షరతు. మటాడోర్ గుండె పెట్టించుకున్న బండి వింటేజ్ కాదు. తాను సక్రమంగా నమోదు చేయించిన ఆ ఒక్క మార్పే తనను దెబ్బ కొట్టిందని పెదనాయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఇక మిగిలింది మామూలు రెన్యువలే, అయిదేళ్లకొకసారి. 2022 ఏప్రిల్ దాకా 600 ఉన్న ఫీజు 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. “నేను దీన్ని సెకండ్ హ్యాండ్ల గొన్నప్పుడు ఇంత గాలేదు” అని ఆయన గొణిగాడు. అయినా కట్టాడు.

కొత్త కార్డు పోస్టులో వచ్చింది. పెదనాయన అద్దాలు పెట్టుకుని, పైన భూతద్దం పట్టుకుని, ఒక్కో అక్షరాన్నీ బయటికి చదివాడు. చాసిస్ సరిగ్గా ఉంది. ఇంజన్ సరిగ్గా ఉంది. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ సరే. నేను లేచి చెప్పులేసుకుంటుంటే ఆయన లోపలికి వెళ్లి, సందుగులోంచి ప్లాస్టిక్ కవరు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“ఏంది పెదనాయనా ఇది?”

“ట్రాక్టర్‌ది. ట్రాలీకి వేరే ఆర్సీ ఉంటది, అది గూడ ఇండ్లనే ఉంది. జర ఎండల వట్టి జూడు బిడ్డా, ఏడో నంబరు ఆరా, తొమ్మిదా?”