రిబ్బన్ కత్తెరకే పదును

సొంత ప్రెస్సున్న కాలేజీలకు అప్పుడప్పుడూ ఆధునికీకరణ జ్వరం వస్తుంటుంది. కరస్పాండెంటు గారు ఏదో ఎగ్జిబిషన్‌కి వెళ్లి, టచ్ స్క్రీనున్న డిజిటల్ మిషన్ చూసొస్తారు. మర్నాటి నుంచి మూలగదిలోని ఆఫ్‌సెట్ మిషన్ ఆయన కళ్లకి పాత ఇనుములా కనబడుతుంది. ఇంకేముంది, కిలోల లెక్కన తూచి ఇచ్చేస్తారు.

"నిమిషానికి 80 పేజీలండీ!" అంటాడు అమ్మకానికొచ్చిన కుర్రాడు. కమిటీ నోరు తెరుస్తుంది. గంటకు లెక్కేస్తే 4,800. తూకానికి పోయింది హైడెల్‌బర్గ్ జీటీవో 52 అనుకోండి. కొత్తలో అది గంటకు 8,000 షీట్లు లాగేది. షీటు 36 బై 52 సెంటీమీటర్లు, అంటే ఒక్కోదాన్లో రెండు ఏ4 పేజీలు. వయసు మీదపడి వేగం సగానికి దిగినా గంటకు 8,000 పేజీలు! గణితశాఖ హెడ్డు కూడా కమిటీ సభ్యుడే. ఆయన ధ్యాస ఆ పూట బిస్కెట్ల మీదున్నట్టుంది.

పాతిక సర్టిఫికెట్లకో యాభై ఆహ్వానాలకో ప్లేటు వేసి, నీళ్లూ ఇంకూ కుదిరేదాకా కాగితాలు తగలేయడం దండగే, కాదనను. అక్కడ డిజిటల్‌దే పైచేయి. వేలల్లో కొట్టే జవాబు పుస్తకాల సంగతి వేరు. ప్లేటు ఖర్చు ప్రతులు పెరిగేకొద్దీ పలచబడుతుంది. డిజిటల్‌లో పేజీకింతని వేసే క్లిక్ చార్జీ మాత్రం మొదటి పేజీకీ పదివేలో పేజీకీ ఒకే రేటున పడుతూనే ఉంటుంది. ఈ తేడా మిషన్‌మేన్‌కి తెలుసు. కానీ అతనికి పవర్‌పాయింట్ రాదు కాబట్టి ఎవరూ అడగరు.

కొత్త మిషన్‌కి ఏసీ గది కడతారు. కాగితం రీములు మాత్రం యథాప్రకారం మెట్ల కింద, బండల మీదే. శ్రావణంలో చెమ్మ పీల్చి వంకర్లు తిరిగిన కాగితం లోపలికెళ్లి జామవుతుంది.

డీటీపీ కంప్యూటరు ఆధునికీకరణ పరిధిలోకి రాదు. అందులో ఉన్నది 2001 నాటి పేజ్‌మేకర్ 7. ఆ తర్వాత దానికి వచ్చినవన్నీ అతుకులే. నడిపేది విండోస్ ఎక్స్‌పీ. దాన్ని కన్నవాళ్లే 2014లో చేతులు దులుపుకున్నారు. అక్కడ అనూ అక్షరాల్లో కొట్టిన ప్రశ్నపత్రాన్ని కొత్త మిషన్ పక్కనున్న కంప్యూటర్లో తెరిస్తే, ఫాంటు లేక, తెలుగు పద్యానికి ప్రతిపదార్థం అడిగిన ప్రశ్న ఏ శాసన పరిశోధకుడికీ అంతుచిక్కని లిపిలో ప్రత్యక్షమవుతుంది.

అసలు కథ కటింగ్ మిషన్ దగ్గరుంది. ఎంత వేగంగా అచ్చయినా చివరికి వచ్చి ఆగేది అక్కడే. దాని కత్తికి సాన పట్టించి ఏళ్లయింది. దొంతర అడుగు కాగితాలు తెగవు, చిరుగుతాయి. రసీదు పుస్తకాల పర్ఫరేషన్, పిన్నింగ్, అట్టలేయడం, అన్నీ ఆ పక్క బల్ల మీదే, ఉన్న ఇద్దరు మనుషులే. వాళ్ల ముందు నిమిషానికి 80 చొప్పున గుట్ట పెరుగుతూ ఉంటుంది.

లక్షల మిషన్‌కి ఒక్క సిటింగులో సరేనన్న కమిటీ, కత్తి సాన పట్టించడానికి మూడు కొటేషన్లు తెమ్మంటుంది. ఊళ్లో ఆ పని చేసేవాడు ఒక్కడే. మిగతా రెండూ ఎక్కణ్నుంచి తేవాలా అని ప్రెస్సు సూపర్‌వైజరు తల పట్టుకుంటాడు. ఈలోగా పరీక్షలు ముంచుకొస్తాయి, జవాబు పుస్తకాల పని బజార్లో ప్రెస్సుకు వెళుతుంది. పాత ఇనుము కొన్నాయన జీటీవోని అమ్ముకున్నది ఆ ప్రెస్సుకే.