గోలేటి కెమెరా ఆత్మకథ

గోలేటి సింగరేణి క్వార్టర్‌లో ఉండే ఈ డిజిటల్ కెమెరాకు అసలు కన్ను లెన్స్ కాదు, దాని వెనకున్న సెన్సర్. అద్దం లేనిదే తనను తాను చూసుకోలేని యంత్రం గనుక, తన కథనూ పరాయిదాని కథలాగే చెప్పుకుంటుంది.

1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీని రూపొందించారు. 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ అలాంటి సీసీడీ సెన్సర్‌తో తొలి డిజిటల్ కెమెరా తయారు చేశాడు. దాని బరువు సుమారు 3.6 కిలోలు. ఒక్క నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్‌లోకి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. ఆ వంశంలో పుట్టిన ఈ కెమెరా నెత్తిన ఒక డయల్ ఉంది. ఆటో నుంచి దాన్ని పక్కకు తిప్పినప్పుడే అసలు పని మొదలవుతుంది.

ఆటోలో కెమెరా మీటరు ఒక మొండి లెక్క వేస్తుంది: ఎదురుగా ఉన్నదంతా సగటున నడిమి బూడిద రంగే అనుకుంటుంది. పెళ్లి ఫొటోల్లో ఈ లెక్క చాలావరకు నడుస్తుంది, బొగ్గు ఊళ్లో నడవదు. కైరిగూడ ఓపెన్‌కాస్ట్ గనిలో ఫ్రేము నిండా బొగ్గు పొర ఉంటే, వెలుతురు చాలలేదనుకొని కెమెరా ఎక్స్‌పోజర్ పెంచుతుంది. బొగ్గు కాస్తా బూడిదై కూర్చుంటుంది. దీనికి మందు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్: −1 పెడితే వెలుతురు సగమవుతుంది, నలుపు నలుపుగా వస్తుంది. ఆసిఫాబాద్ వైపు పత్తి కుప్పలకు తిరగేసి +1 పెట్టాలి, లేకుంటే అవీ బూడిదే. ఈ ఒక్క బటన్ తెలిసినవారికి మిగతావి సగం వచ్చినట్టే.

తర్వాత షటర్. 1/1000 సెకనులో నడుస్తున్న డంపర్‌ను తీస్తే రోడ్డు మీద ఆపిన బండిలా కనిపిస్తుంది. 1/30కి దించి, దాని వెంటే కెమెరాను తిప్పుతూ నొక్కితే బండి స్పష్టంగా నిలుస్తుంది, చక్రాలూ వెనకున్న ఓబీ (బొగ్గుపై నుంచి తవ్విపోసిన) మట్టి గుట్టలూ గీతలుగా సాగుతాయి. మొదటి నాలుగైదు ఫొటోలు చెడిపోవడం మామూలే. బతుకమ్మ రాత్రికి స్లో సింక్ కావాలి: ట్రైపాడ్ మీద అర సెకను షటర్ తెరిచి, చివర్లో ఫ్లాష్ వెలిగిస్తే ముఖాలు తేటగా నిలుస్తాయి, తిరిగే చీరల రంగులు వెనక చారలవుతాయి.

అపర్చర్ సంగతి తేలిక: చిన్న f అంకెకు వెనకది మసక, పెద్ద అంకెకు దూరం దాకా స్పష్టం. సోడియం దీపాల పసుపును వైట్ బ్యాలెన్స్‌తో కొంత తగ్గించవచ్చు. రా ఫైలుగా తీస్తే ఆ రంగును తర్వాతా మార్చుకోవచ్చు.

చివరివి ఫిల్టర్లు. మినియేచర్ మోడ్‌లో, క్వారీ అంచు నుంచి చూస్తే, డంపర్లు బొమ్మ బండ్లవుతాయి. ఒక్క పసుపు రంగునే ఉంచి తక్కినదంతా నలుపు తెలుపు చేసే మోడ్ రెండోసారికే విసుగు పుట్టిస్తుంది. జేపెగ్‌లో పడిన ఫిల్టర్‌ను వెనక్కి తీయలేం.

ఓపెన్‌కాస్ట్‌లో ఫొటోలకు ముందే అనుమతి తీసుకోవాలి. మీథేన్ ఉండే అండర్‌గ్రౌండ్ బాయిలోకి ఇలాంటి మామూలు బ్యాటరీ కెమెరాను తీసుకెళ్లకూడదు, ఒక్క నిప్పురవ్వ చాలు ప్రమాదానికి. బొగ్గు దుమ్ములో లెన్స్ మార్చకండి: సెన్సర్‌పై వాలిన నలుసు f/16 దగ్గర ఆకాశంలో నల్ల మచ్చయి కనిపిస్తుంది.